అక్కను ఎవరూ అడగలేదు

పోస్ట్ కొంచెం పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడే చదవండి, సగంలో ఆపి లైక్ కొట్టి పోకండి.

మేము పాతబస్తీలో హాస్టల్‌లో ఉంటం. గదిలో ఆరుగురం. ఇద్దరివి మహబూబాబాద్ వైపు తండాలు, ఇద్దరివి ఏటూరునాగారం వైపు కోయగూడేలు, ఒకడిది ఉట్నూర్ దగ్గర గోండుగూడెం, ఒకడిది అమ్రాబాద్ అడవిలో చెంచుపెంట. ఆరుగురం మా ఇళ్లల్ల డిగ్రీ దాకా వచ్చిన మొదటోళ్లమే. బయట ఎవరు ఎవరితో కొట్లాడుకున్నా, మా గదిలో ఫ్యాన్ ఒక్కటే, ఛార్జింగ్ బోర్డు ఒక్కటే, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒక్కటే. కాబట్టి మా కొట్లాటలు మాకున్నయి.

ఆదివారం రాత్రి బకెట్ బోర్లేసి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి బొమ్మల సినిమా చూస్తం. ఇరవై ఏండ్లొచ్చినంక బొమ్మల సినిమాలేందిరా అని పక్కగదోళ్లు నవ్వుతరు. చిన్నప్పుడు సరిగ్గ చూసింది లేదు, అందుకే ఇప్పుడు చూస్తున్నం. ఆశ్రమ పాఠశాలలో టీవీ ముందు ఇంత మంది పిల్లలం కూసుంటే, వెనక ఉన్నోనికి ఛోటా భీమ్ తలకాయ తప్ప ఏం కనపడకపోయేది. 2008లో టీవీలోకి వచ్చిన ఆ భీమ్, ఢోలు భోలు అనే కవలలు, అందరూ హైదరాబాద్‌లోనే గ్రీన్ గోల్డ్ కంపెనీలో తయారైండ్రని ఈ ఊరికి వచ్చినంకనే తెలిసింది.

ఒక సంగతి గమనించినం. నవ్వించే బొమ్మల సినిమాల్లో చానా వాటికి తోబుట్టువుల పంచాయితీనే ప్రాణం. 2017లో వచ్చిన ‘ది బాస్ బేబీ’ చూడండి. టిమ్‌కు ఏడేండ్లు. అమ్మానాన్నల ప్రేమంతా వానిదే. ఒకరోజు సూటూ బూటూ వేసుకొని, చేతిలో పెట్టె పట్టుకొని తమ్ముడు దిగుతడు. ఇగ ఇంట్లో యుద్ధమే. తనకొచ్చే ప్రేమలో సగం పోతదని టిమ్ భయం. మేము పొట్టలు పట్టుకొని నవ్వినం. నవ్వు ఆగినంక ఒకడన్నడు: “మన ఇంట్ల ప్రేమ పంచుకునుడు ఎప్పుడుందిరా? మనం కొట్లాడింది కోడిగుడ్డు కాడ.” నిజమే. ఆ తర్వాత కొట్లాడింది చదువు కాడ. ఇద్దరిలో ఎవరిని పంపాలె అన్న కాడ.

ఆ రాత్రి మా గోండు దోస్తు వాళ్ల సగల గురించి చెప్పిండు. వాళ్లల్ల నాలుగన్నదమ్ములోళ్లు, ఐదన్నదమ్ములోళ్లు, ఆరు, ఏడు అని నాలుగు సగలు. ఒకే సగ అయితే ఏ ఊరోడైనా అన్నదమ్ముడే, ఆ ఇంటితో పెండ్లి సంబంధం కలుపుకోరు. మాకు చానా గొప్పగ అనిపించింది. “మరి అక్కచెల్లెండ్ల లెక్క ఏదిరా?” అని చెంచు తమ్ముడు అడిగిండు. వాడు తల గోక్కున్నడు. మేమూ గోక్కున్నం. మా లెక్కల్ల కూడా లేదు మరి.

తర్వాత ‘ఎన్‌కాంటో’ చూసినం. 2021 సినిమా, కొలంబియా కొండల్లో కథ. అందులో ముగ్గురు అక్కచెల్లెండ్లు. నడిపి పిల్ల లూయిసాకు బలం వరం. ఊర్లో ఏది మొయ్యాలన్నా ఆమెనే పిలుస్తరు, గాడిదలను భుజాల మీద వేసుకొని నడుస్తది. పైకి కొండలా ఉంటది, లోపల ఎప్పుడు కూలిపోతనో అని భయం. పెద్దది ఇసబెలా పూలు పూయిస్తది, అందరికీ ముద్దు. చిన్నది మిరాబెల్‌కు ఏ వరమూ లేదు. పెద్దక్కకేం తక్కువని మిరాబెల్ కడుపుమంట. ఇద్దరూ గట్టిగ కొట్లాడుకున్నప్పుడు పెద్దక్క నోట నిజం బయటపడుతది. ఆ పెండ్లి ఆమెకు ఇష్టం లేదు, ఇంటి కోసం ఒప్పుకున్నది. కొట్లాడకపోతే ఆ మాట బయటికే రాకపోవు. ఆ సీన్ కాడ మా గదిలో ఎవరూ నవ్వలేదు.

ఇగ అసలు సంగతి ‘లిలో అండ్ స్టిచ్’. 2002లో క్రిస్ శాండర్స్, డీన్ డెబ్లాయ్ కలిసి తీసిండ్రు. హవాయి దీవుల్లో కవాయి అనే దీవి. అక్కడి మూలవాసుల ఇల్లు, అంటే మనలాంటోళ్ల ఇల్లు. అమ్మానాన్న కారు ప్రమాదంలో పోయిండ్రు. అక్క పేరు నాని. మాకు ముందు హీరో నాని గుర్తొచ్చి నవ్వొచ్చింది గానీ, వాళ్ల భాషలో ఆ మాటకు అందమైనది అని అర్థమట. ఆ అక్కకు 19 ఏండ్లు, మాకంటే ఒక ఏడు చిన్నది. చెల్లెలు లిలోను సాకాలె, పనికి పోవాలె. సరిగ్గ చూసుకుంటలేదని తేలితే పిల్లను తీసుకపోతమని ఆఫీసరొచ్చి బెదిరిస్తడు. అక్కాచెల్లెలు తలుపులు దబదబ వేసుకొని, చెరొక గదిలో దిండులో మొహం పెట్టి అరుస్తరు. కాసేపటికి మళ్లీ ఒక్కటైతరు. కుటుంబం అంటే ఎవరినీ వెనక వదలొద్దని వాళ్ల నాయన నేర్పిన మాట.

2025లో అదే కథను మనుషులతో మళ్లీ తీసిండ్రు. అందులో చివరికి నాని చెల్లెల్ని తెలిసిన పక్కింటోళ్లకు అప్పజెప్పి, సముద్రం దాటి కాలిఫోర్నియాకు చదువుకు పోతది. చానామందికి, హవాయి మూలవాసుల్లో కూడా కొందరికి, ఇది నచ్చలేదు. వదలొద్దని చెప్పి వదిలిపోతదా అని కోపం. మా గదిలో కూడా రెండు పార్టీలు అయినయి. “పోవుడు తప్పు” అని ముగ్గురు. “ఆమె చదువుకోవద్దా?” అని ఇద్దరు. మాలో ఒకడు మాత్రం ఏం మాట్లాడలేదు. పేరు రాయొద్దన్నడు. ఆరుగురిలో ఎవరి పేరు రాసినా పెద్ద తేడా ఉండదు.

వాళ్లక్క పదిలో వీనికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నది. అయినా ఇంటర్‌కు పోలేదు. ఇప్పుడు మిరపతోటల్ల కాయలు ఏరుతది. “మా అక్క నా కోసం త్యాగం చేసింది” అని వాడు ఫ్రెషర్స్ డే నాడు స్టేజీ మీద చెప్పిండు, మేమందరం చప్పట్లు కొట్టినం. ఆ రాత్రి టెర్రస్ మీదికి పోయి, అక్కకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టిండు. చార్మినార్ దిక్కు వెలుతురు కనపడుతున్నది, కింద గల్లీల ఇంకా బండ్లు తిరుగుతున్నయి. వాళ్ల భాషలో అడిగిండు. తెలుగులో రాస్తే ఇట్లుంటది:

“అక్కా, నన్ను పంపమని నాయనకు నువ్వే చెప్పినవా?”

కొంచెంసేపు చప్పుడు లేదు.

“నేనెప్పుడు చెప్పిన్రా? నన్ను ఎవరడిగిండ్రు? పొద్దుగాల లేచేసరికి నీ పెట్టె సర్ది ఉన్నది.”

“మరి కోపం రాలేదా?”

“రాలేదా! నీ కొత్త చెప్పులు బాయిల పడ్డయని ఏడ్చినవు గదా, అవి పడలే. నేనే ఏసిన.”

మేము ఆరుగురం ఒక్కసారే నవ్వినం. ఆమె కూడా అవతల నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఏడుపు అయింది. ఇక్కడ వాడు కూడా.

మాకు అప్పుడు అర్థమైంది. సినిమాల్లో అక్కచెల్లెండ్లు, అన్నదమ్ములు ముందు కొట్లాడుతరు, అనాల్సింది అంటరు, ఆ తర్వాతే ప్రేమ. మన ఇండ్లల్ల ఆ కొట్లాట జరగనే లేదు. సీదా ప్రేమకు దుంకినం. త్యాగం అనే పెద్ద మాట తెచ్చి అక్క నోటికి అడ్డం పెట్టినం. తండాలో తీజ్ నాడు అక్కచెల్లెండ్ల కాళ్లు కడుగుతం. కాళ్లు కడిగినం గానీ, నీకేం కావాలె అని అడగలేదు. నానిని కూడా అంతే. పోవుడు తప్పా ఒప్పా అని మేము ఐదుగురం తీర్పు చెప్పినం, ఆమెకు ఏం కావాలో ఒక్కరం ఆలోచించలేదు.

ఫోన్ పెట్టేముందు వాడు, “లాడ్‌బజార్‌ల లక్క గాజులు తెస్త అక్కా, ఏ రంగు?” అని అడిగిండు. “గాజులు వద్దు, ఇంటర్ పుస్తకాలు పట్టుకరా” అన్నది. వాడు తెల్లారే ఓపెన్ స్కూల్ ఇంటర్ గురించి కనుక్కునుడు మొదలుపెట్టిండు. ఇంటర్ అయినంక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉన్నది. 1982లో పెట్టిండ్రు, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ, ఉన్నది మన హైదరాబాద్‌లోనే. మిరప ఏరే దినాల్ల చదువుడు కష్టమే. నాయన ఇంకా ఒప్పుకోలేదు, పెండ్లి సంబంధం ఒకటి వచ్చిందట. ఏమైతదో మాకు తెల్వదు. అయినప్పుడు ఇక్కడే రాస్తం.

అప్పటిదాక గ్రూప్‌లో ఉన్న తమ్ముళ్లందరికీ ఒక పని. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అక్కకో చెల్లెకో థాంక్స్ చెప్పకండి. నీకు కోపం ఉందా అని అడగండి. తిడితే వినండి. మా గదిలో ఇంకా ముగ్గురు చెయ్యాల్సి ఉంది, ధైర్యం చాలుతలేదు. అక్కలూ, మీరు ఈ పోస్ట్ చదువుతుంటే, ఎవరి చెప్పులు బాయిల ఏసిండ్రో కింద రాయండి.

ఉంటం మరి. జోహార్.