విద్యుద్రథములో నొక రాత్రి

ఇల్లు విడిచి పది దినములు దారిలో నుండవలసి వచ్చినప్పుడు ఆడువారు మొట్టమొదట నాలోచించునవి మూడు: వంట యెచ్చట, స్నాన మెచ్చట, పడక యెచ్చట. 2025వ సంవత్సరము మే నెలలో మేము అమెరికాలోని మా తమ్ముని యింటికి పోయినప్పుడు అతడీ మూటికిని ఒక్కటే సమాధానము చెప్పెను: "అన్నీ బండిలోనే, అక్కా!" స్నానము మాట యబద్ధమని పిదప తేలినది. తక్కిన రెండును నిజమే.

మేము పోయినది వేడుకకే యని చెప్పిన నది సత్యము కాదు. 2023వ సంవత్సరము కార్తీకమున మా యమ్మ కాలధర్మము నొందినది. తమ్ముడు రాలేదు. ఆ దేశమున నుద్యోగము చేయు పరదేశులు కొందఱు ఎల్లలు దాటిరా, మరల లోనికి బోవుటకు వీసా ముద్ర వేయించుకొనవలెను. ఆ ముద్రకై నెలల తరబడి కాచుకొనవలెను. ఆలోపల నుద్యోగము నిలుచునో నిలువదో! అతడు ఫోనులోనే సర్వమును చూచెను. కర్మ మా పెదతండ్రి కుమారుడు చేసెను. ఈ చిక్కులన్నియు మే మెఱుగుదుము. ఎఱిగియు మనసున క్షమింపలేకపోతిమి. ఏడాదిన్నర కాలము మా మాటలన్నియు వానలు, బియ్యము ధర, పిల్లవాని చదువు, ఇంతటితోనే ముగియుచుండెను. మా వారు బడిపంతులు. వేసవి సెలవు లిచ్చుసరికి తమ్ముడు విమానపు టిక్కెట్లు పంపెను. వారు నవ్వుచు, "పిలిచిన పేరంటమునకు పోకుండుట మర్యాద కాదు" అనిరి.

బండి యనగా మన యూళ్లలో నిటుకలు మోయు లారీ గాదు. ముందు అయిదుగురు కూర్చుండు గదియు, వెనుక సామానుల తొట్టియు గల వాహనమును వారు ట్రక్కందురు. మా తమ్మునిది ఫోర్డు సంస్థవారు 2022లో అమ్మకమునకు దెచ్చిన లైట్నింగు. పెట్రోలు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఇంజ నుండవలసిన చోట మూతగల పెద్ద పెట్టె యున్నది! ఆ మూత యెత్తి బియ్యము, కందిపప్పు, ఆవకాయ జాడీ సర్దుచున్నప్పుడు మాకు నవ్వాగలేదు. మేము బట్టల పెట్టె నడుగున దెచ్చుకొన్న అమ్మ బొంత గూడ అందే పెట్టితిమి. అమ్మ పాత చీరలు మడతలు వేసి తన చేత కుట్టినది. దాని నెందుకు తెచ్చితిమో మాకే తెలియదు.

దాని బ్యాటరీలో 131 యూనిట్ల విద్యుత్తు పట్టును. మా యింట నడివేసవిలో సైతము నెలకు నూటయిరువది యూనిట్లు దాటవు. మేము నెల దినములు దీపములకు, పంకాలకు, నీటి మోటారుకు వాడుకొను కరెంటును ఈ బండి యొక్క పగటిలో భుజించునన్నమాట! ప్రభుత్వపు పరీక్షలో నిండు బ్యాటరీతో 320 మైళ్లు పోవునని తేలినదట. పెద్దరోడ్డు మీద వేగముగా పోవునప్పు డంతకు తక్కువయే. సుమారుగా యూనిటుకు రెండు మైళ్లు.

వెనుక తొట్టిలో మనయింటి గోడకున్నట్లే ప్లగ్గు లున్నవి. వారి కరెంటు 120 వోల్టులు, మనది 230. కావున మనదేశపు గిన్నెలు పనికిరావు. మరదలు తన విద్యుత్తు కుక్కరును పెట్టి, తలుపు చెక్కను వాల్చి, దానిమీదనే కూరలు తరిగి, చెట్టు క్రింద నయిదుగురికి వండిపెట్టెను. అన్న ముడుకుటకు యూనిటులో మూడవవంతు చాలును. ఒకపూట యన్నము ముప్పాతిక మైలు దారికంటె చౌక యని తెలిసి మే మాశ్చర్యపడితిమి. మన గృహిణులకు కట్టెలు, గ్యాసు లెక్క తెలియును గాని, అన్నమును మైళ్లతో కొలుచుట క్రొత్త గదా!

డల్లాసు నగర ప్రాంతమునుండి అరిజోనా రాష్ట్రములోని గ్రాండు క్యానియనుకు సుమారు 1,050 మైళ్లు. మొదటి రాత్రి అమరిల్లో పట్టణ సమీపమున పాలోడ్యూరో అను ఎఱ్ఱమన్ను లోయలో దిగితిమి. అది 120 మైళ్ల పొడవు గలది. అచ్చటి శిబిరస్థలములలో విద్యుత్తు స్తంభములున్నవి. రాత్రి తీగ తగిలించి నిద్రించిన తెల్లవాఱుసరికి బ్యాటరీ చాలవఱకు నిండును. తొట్టి పొడవు అయిదున్నర యడుగులు, మా వారి పొడవు ఆఱడుగుల కొక యంగుళము తక్కువ. కావున తలుపు చెక్కను దింపి, దానిమీద కాళ్లు చాపి, పైన గుడారము బిగించుకొని బావమఱదు లిద్దఱు పండుకొనిరి. లోపలి గదిలో ముందు కుర్చీలు పడకకుర్చీలవలె పూర్తిగా వెనుకకు వాలును. వానిపై మరదలును మేమును, వెనుక బల్లపై పిల్లవాడును. నిజము చెప్పిన మాకు నిద్ర సుఖముగనే పట్టినది. నక్షత్రములు మన పల్లెలో చిన్ననాట చూచినన్ని యున్నవి.

కష్టము రెండవనాడు వచ్చినది. న్యూమెక్సికో రాష్ట్రమున వసంతకాలమంతయు పడమటిగాలి బలముగా వీచును. మేము పోవలసినదియు పడమటికే. దారి పొడవున నున్న కేంద్రములలో విద్యుత్తు నింపుకొనుచు పోతిమి. బ్యాటరీ నూటికి ఎనుబది వంతులు నిండువఱకు ధార వడిగా వచ్చును, పిమ్మట సన్నమూతి సీసాలో నూనె పోసినట్లు నెమ్మదియగును. అందుచే నింపుట తక్కువ, నిలుపుట యెక్కువ. మధ్యాహ్నమునకు యూనిటుకు రెండు మైళ్లు పోయిన బండి ఒకటిన్నర మైలే పోసాగెను. మా వారు చేతిలో కాగితము, పెన్సిలు పట్టుకొని లెక్కలు మొదలిడిరి. నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు రథములో పోవుచునే తాండ్రచెట్టు ఆకులు, కాయలు లెక్కించినాడని చదువలేదా! మాకదే జ్ఞప్తికి వచ్చినది. అయితే ఋతుపర్ణునకు విద్య గలదు. వీరికి గుండెదడ మాత్రమే యుండెను.

ఆల్బుకర్కీ దాటి యొక చిన్న యూరు చేరునప్పటికి ధూళికి ఎదుటి దీపములు కనబడుటలేదు. అచ్చటి కేంద్రములో నాలుగు స్తంభములు గలవు. మూటి తెరలు నల్లగా నున్నవి. నాల్గవది తీగను గైకొని, కొంతసేపు ఆలోచించి, క్షమింపుడని వ్రాసి చూపెను. ఫోనులో చూచినప్పుడు మాత్ర మన్నియు చక్కగా నున్నవనియే చూపినది! ఆ యూర మఱియొకటి లేదు. తరువాతి కేంద్రము 60 మైళ్లు, అనగా 96 కిలోమీటర్లు. నడుమ, 7,200 అడుగులకు పైబడిన మెట్ట దాటవలెను. ఆ మెట్టకు తూర్పున పడిన నీరు అట్లాంటికు వైపునకు, పడమట పడిన నీరు పసిఫికు వైపునకు పోవునట. బ్యాటరీలో నూటికి ముప్పదినాలుగు, అనగా 44 యూనిట్లు మిగిలెను. గాలి యట్లే వీచిన నలువది కావలెను. అణగిన ముప్పది చాలును. బసలన్నియు ధూళికి దిగినవారితో నిండిపోయినవి. ఉదయమునుండి బండి నడపిన తమ్ముని కన్నులు చింతనిప్పులై యున్నవి.

పెట్రోలు బంకు ప్రక్కన లారీలు రాత్రి నిలుచు మైదానమొకటి యుండగా నచ్చటనే మేమును నిలిచితిమి. ఆడువారికి శుభ్రమైన మఱుగుదొడ్డి యున్నది. అది వ్రాయదగిన విషయమే, ఏలయనగా దూరయాత్రలో స్త్రీల భయములలో సగ మదియే. చుట్టును లారీలు. చలికాగుటకై ఇంజనులను ఆపక డ్రైవర్లు లోపల నిద్రించుచుండిరి. వారిలో నొక పంజాబీ వృద్ధుడు మమ్ము చూచి హిందీలో పలుకరించి, తన ఫ్లాస్కులోని తేనీరు పిల్లవానితో సహా అందఱికిని పోసి, "మీ బండి నిద్రపోయినదా యేమి, శబ్దము లేదు!" అని నవ్వెను.

ఆ యెత్తున మే నెలలో గూడ రాత్రి చలి సున్నకు ఒకటిరెండు డిగ్రీల పైననే యుండును. గుడారములో పండుకొను మాట లేదు. అయిదుగురమును లోపలి గదిలోనే. హీటరు వేయబోయిన తమ్ముని చేతిని మరదలు పట్టుకొనెను. గాలిని వెచ్చజేయు హీటరు గంటకు ఒకటిన్నర, రెండు యూనిట్లు తినును; ఎనిమిది గంటలకు పదునాఱు; ఉదయము బండి కదలదు. ముందు కుర్చీలకు మాత్రము లోపల వేడితీగ లున్నవి, వానికి అందులో పదవవంతు గూడ పట్టదు. ఈ లెక్క యామె నోటనే చెప్పెను, కాగితము లేదు. "ఇల్లు వెచ్చజేయుట యెందుకు వదినా, ఒళ్లు వెచ్చజేసికొనిన చాలదా?" అనెను. కుంపటిలో బొగ్గులు మూడే వేసి మా యమ్మ అనుచుండిన మాట గూడ నించుమించుగా నిదే! దుబారా మనిషి యని ఇదివఱ కామెనుగూర్చి మేమనుకొన్న దానికి లోలోపల సిగ్గుపడితిమి.

మా వారికి తలుపులు మూసికొని నిద్రించుట భయము. ఇంజను నడచుచున్న కారులలో విషవాయువు చేరి నిద్రలోనే ప్రాణములు పోయినవారిని గూర్చి వారు పత్రికలలో చదివిరి. ఈ బండిలో మండునది లేదు గనుక ఆ విషవాయువు పుట్టదని మరదలు నచ్చజెప్పెను. గాలికొఱకు అద్దము వ్రేలెడు దింపితిమి. పిల్లవానిని ఒడిలో నుంచుకొని యామె యొక వేడికుర్చీలోను, దగ్గుమనిషి గనుక మా వారు రెండవదానిలోను కూర్చుండిరి. వెనుక బల్లపై అక్కాతమ్ముల మిద్దఱము. అప్పుడు ముందుపెట్టెలోని బొంత బయటికి వచ్చినది.

లారీల మ్రోత దూరమునుండి వినవచ్చుచుండెను గాని, మా బండిలో నిశ్శబ్దము. పెట్రోలు బండియైన నింజను చప్పుడులో మౌనము దాగును. ఇందు దాగుటకు చోటు లేదు. తమ్ముడు బొంత యంచు తడవుచు, "ఇది అమ్మ ఆకుపచ్చ చీర గదా?" అనెను. అవునంటిమి. కొంతసేపటికి, "అమ్మ చివరికి నన్నడిగినదా, అక్కా?" అనెను.

ఆ ప్రశ్నకై యేడాదిన్నరగా కాచుకొని యుంటిమి. అతడడిగినచో నేమి చెప్పవలెనో గూడ కూర్చుకొని యుంటిమి. అది కఠినమైన మాట. కాని, ఆ చీకటిలో నోటివెంట వచ్చినది వేఱు. ఆనాటి మధ్యాహ్నము రెండు గంటలకు అమ్మకు తెలివి వచ్చినది. వాడు తిన్నాడా యని యడిగినది. ఫోను తీసి పిలువబోగా, "అక్కడ నర్ధరాత్రి గదే, నిద్రలో నుండును, లేపకు" అన్నది. మేము లేపలేదు. దీపముల వేళకు అమ్మ లేదు. అతడు లేచుసరికి చెప్పుటకు వార్త మిగిలినది గాని వినుటకు గొంతుక మిగులలేదు. ఇంతకాలము రాలేదని అతనిపై కోపించుచుంటిమి గాని, పిలువలేదని మాపై మేము కోపించుకొనుటకు మాకు ధైర్యము లేకపోయినది. ఈ సంగతి మా వారితో సైతము అంతకుముందు చెప్పియుండలేదు.

తమ్ముడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "లేపవలసినది, అక్కా" అని మాత్రమనెను. మేము కాదనలేదు. అతడు బొంతను మా భుజముమీదికి లాగి, తన వంతు కాళ్లకు మాత్రము కప్పుకొనెను. అమ్మ యేమి తిన్నది, ఎవరు దగ్గఱ నున్నారు, తులసికోట యొద్ద నెవరు దీపము పెట్టుచున్నారు, ఇట్లు తెల్లవాఱువఱకు ఒక్కొక్కటే యడుగుచుండెను. ముందు కుర్చీలో మా వారు నిద్రించుచున్నట్లు నటించిరి. వారి దగ్గు మాత్రము వారి మాట వినలేదు.

నాలుగు గంటలకు గాలి యణగెను. మా వారు కాగితము తీసిరి. రాత్రియంతయు అయిదు యూనిట్లే ఖర్చయినవి, నూటికి ముప్పది మిగిలినవి. వేగము పెరిగినకొలది గాలి యెదిరింపు వేగము వర్గమును బట్టి పెరుగునని బడిలో చెప్పు పాఠమును తమ్మునికి చెప్పి, గంటకు ఏబది మైళ్లకు మించవద్దనిరి. హీటరు వేయక, కాళ్లు బొంతలో దూర్చుకొని, లారీలన్నియు మమ్ము దాటిపోవుచుండగా పోతిమి. మెట్ట యెక్కునప్పుడు అంకెలు గబగబ తగ్గినవి. దిగునప్పుడు చక్రముల పరుగే మరల విద్యుత్తుగా మాఱి కొంత తిరిగి వచ్చినది. కేంద్రము చేరునప్పటికి నూటికి ఏడు మిగిలెను. మరదలు ప్లగ్గు తగిలించి, తొట్టిలో కుక్కరు పెట్టి, ఉప్మాకు రవ్వ వేయించసాగెను.

గ్రాండు క్యానియనును గూర్చి ఇదివఱకే యనేకులు వ్రాసిరి. పొడవు 277 మైళ్లు, లోతు సుమారొక మైలు, అడుగున కొలరాడో నది దారమువలె కనబడును. మేమును చూచితిమి. పిల్లవాడు అంచునకు పోకుండ పట్టుకొనుటలోనే మా చూపు సగము పోయినది. రెండు రాత్రు లచ్చట గడపి, మఱియొక దారిని డల్లాసు చేరితిమి.

తిరుగు ప్రయాణమునాడు పెట్టెలు సర్దునప్పుడు బొంతకై వెదకితిమి. అది బండి ముందుపెట్టెలో, ఆవకాయ జాడీ ప్రక్కన, నాలుగు మడతలుగా నున్నది. మూత మరల మూసి వచ్చితిమి.