వ్యాధికి ఊరి పేరు వద్దు



2021 మే నెలను మన పల్నాటి కుటుంబములు మరువలేవు. నరసరావుపేట మొదలు మాచర్ల వరకు ఆక్సిజన్ మాట వినబడని ఊరు లేదు. ఆ దినములలో మేము సంఘ కుటుంబములను ఫోనులోనే పరామర్శించి, ఫోనులోనే ప్రార్థించెడివారము. "అయ్యగారూ, ఇది మన ఆంధ్రాలో పుట్టిన రకమట గదా, అందుకే ఇంత ఘోరమట గదా?" అని అనేకులు అడిగిరి.

ఆ మాట ఎట్లు పుట్టినదో చెప్పెదము. కరోనా వైరస్సు ఒంటినిండ ముళ్లవంటి ప్రొటీనులుండును. ఒక్కొక్క ముల్లు 1,273 అమైనో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండలతో చేయబడినది. ఈ ముల్లుతోనే వైరస్సు మన కణమును పట్టుకొని లోపల ప్రవేశించును. మన యువజనులు ఒకరి నోటుపుస్తకము చూచి మరొకరు పాటలు వ్రాసికొనునప్పుడు అక్కడక్కడ అక్షరము మారును గదా! వైరస్సు తన ప్రతులను చేసికొనునప్పుడును అంతే. చాలా మార్పులు దానికి పనికిరావు. ఏదో ఒకటి మాత్రము వ్యాపించుటకు సాయపడును.

అట్టి మార్పులలో ఒకటి ఎన్440కె. అనగా 440వ పూస ఆస్పరాజిన్‌కు బదులు లైసిన్ అయినది. ఈ రకము ప్రయోగశాలలో పెంచిన కణములలో, అప్పుడు ఎక్కువగానున్న రకముకంటె పదిరెట్లు అధికముగా వృద్ధియైనదని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు 2021 ఏప్రిల్ చివర తెలిపిరి. ఆ మాట చేతులు మారి "ఆంధ్రా స్ట్రెయిన్" అయినది. మే 6న ఢిల్లీ ప్రభుత్వము ఆంధ్ర, తెలంగాణల నుండి వచ్చువారికి 14 దినముల క్వారంటైన్ విధించినది.

అయితే ప్రయోగశాలలోని గాజుపళ్లెము వేరు, మన పల్లె వేరు. పల్లెలో ఒక రకము మరొక రకముతో పోటీపడవలెను. అప్పటికే ఎన్440కె తగ్గిపోవుచున్నదని, బి.1.617 అను రకము దాని స్థానమును ఆక్రమించుచున్నదని సి.సి.ఎం.బి. వారే చెప్పిరి. ఆ కుటుంబములోని ఒక శాఖకే మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ డెల్టా అని పేరు పెట్టినది. డెల్టాలో 681వ పూస మారుటచేత, ముల్లును మన కణములలోని ఎంజైములు మరింత సులువుగా కత్తిరించి, వైరస్సుకు దారి తీసినవి. 452వ పూస మార్పు కూడ దానికి తోడైనది.

మరొక సంగతి వినుడి. 2021 నవంబరులో బయలుపడిన ఒమిక్రాన్ ముల్లులో ముప్పదికి పైగా మార్పులుండెను. వెనుకబడిన ఎన్440కె కూడ వాటిలో ఒకటి! ఒంటరిగా నిలువలేనిది గుంపులో చేరి లోకమంతయు తిరిగినది. మందు కొట్టిన ప్రత్తిచేలో మందుకు చావని పురుగే మిగిలి పెరుగునట్లు, టీకాలచేతను, పాత జబ్బుచేతను మనకు కలిగిన రక్షణను తప్పించుకొనగలిగినదే అప్పుడు పెరిగినది. దానిని ముందుగా కనుగొని లోకమును హెచ్చరించిన దక్షిణాఫ్రికాకు దక్కినది విమానముల నిలుపుదల.

మా సంఘములో ఒక తల్లి ఆ మే నెలలో మరణించెను. ఢిల్లీలో పనిచేయు కుమారుడు సమాధి కార్యక్రమమునకు వచ్చి, తిరిగి వెళ్లగా ఆంధ్రావాడని అక్కడ ఆపివేసిరి. ఇక్కడ ఆయన చెల్లెలిని వీధి కుళాయి దగ్గర బిందె పెట్టనీయలేదు. జ్వరము తగ్గి నెల దాటినను అది "కరోనా ఇల్లు"గానే ఉండెను. "మా అమ్మ పోయినదని ఎవరును అనరు అయ్యగారూ, మా ఇంటికి వచ్చినదనే అందురు" అని ఆమె మాతో చెప్పి ఏడ్చెను. ఢిల్లీవారు మనకు చేసినదానికి నొచ్చుకొన్న వీధియే ఆమెకు అట్లు చేసినది.

పూస మారుటకు జిల్లా తెలియదు, కులము తెలియదు. అది ఎవరి దేహములోనైనను మారవచ్చును. దేశముల మీద నింద పడకూడదనియే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రకములకు గ్రీకు అక్షరములను పేర్లుగా ఎన్నుకొన్నది. ఒకరినుండి ఒకరికి వ్యాధి సోకిన ప్రతిసారి వైరస్సుకు మరి కొన్ని ప్రతులు, మరి కొన్ని మార్పులు దొరకును. కనుక టీకా వేయించుకొనుట, కిటికీలు తెరచుట, జ్వరమున్నప్పుడు ఎడముగానుండుట, ఇవి వైరస్సుకు అవకాశములు తగ్గించును. నింద మాత్రము జబ్బును దాచిపెట్టించును. దాచిన జబ్బు మరింత ప్రాకును.

కాబట్టి జబ్బుపడిన ఇంటికి కొన్ని దినములు దూరముగా ఉండుడి. అయితే వారి గుమ్మము ముందు అన్నము గిన్నె పెట్టి, పేరు పెట్టి పిలిచి మరీ వెళ్లుడి.