పాతిక కిలోమీటర్లు

మా గ్రూపులో తొమ్మిదిమందిమి. ఎవరికీ ఇంటిపేర్లు లేవు, ఊరిపేర్లే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో, ఒకరు ఇంకొకరిని చేర్చుకుంటూ పోగయ్యాం. ఒకే పేరున్న వాళ్లు ముగ్గురు ఉండడంతో విశాఖ, కర్నూలు, సిద్దిపేట అని పిలుచుకోవడం మొదలైంది, అదే నిలిచిపోయింది. నేను ఇందూరు. ఇంటిపేరు చెప్తే ఏం తెలుస్తుందో అందరికీ తెలుసు కనక, ఆ పద్ధతి మాకు హాయిగానే ఉండేది.

శనివారం సాయంత్రాలు జూమ్‌లో కూచుని ఒక కథో, ఒక అధ్యాయమో చదువుకునేవాళ్లం. అన్నిటికంటే ఎక్కువ వారాలు పట్టింది స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’కి. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పుకున్న సంగతులు కదా, ఒక్కొక్కరిది చదివాక మా సొంత గొడవలు బయటికొచ్చేవి. 2022 మార్చిలో మల్లు స్వరాజ్యం పోయిన రాత్రి గ్రూపులో చాలాసేపు ఎవరమూ పడుకోలేదు.

బోధన్ మాత్రం మాట్లాడేది కాదు. ఆమె వీడియో ఎప్పుడూ నల్లగానే ఉండేది, మైకు మూసి ఉండేది. పక్కన చాట్‌లో టైపు చేసేది. ఎంత మంచి తెలుగని! అచ్చులో చదువుతున్నట్టుండేది. అడవిలో బిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ కథ చదివిన రోజు మేమంతా పార్టీ గురించీ, త్యాగం గురించీ గంటసేపు వాదించుకుంటుంటే, ఆమె ఒక్క వాక్యం పెట్టింది: “పాలు ఎన్నాళ్లకు ఇగిరి ఉంటాయి?” ఆ తర్వాత ఇంక మాట్లాడడానికి మాకేం దొరకలేదు.

నిజామాబాద్ నుంచి బోధన్ పాతిక కిలోమీటర్లు. రెండున్నరేళ్లలో మేమిద్దరం ఒక్కసారి కలవలేదు. రమ్మంటే “ఇప్పుడు వీలు కాదు మేడమ్” అనేది, వస్తానంటే జవాబిచ్చేది కాదు. మధ్యలో రెండుసార్లు గ్రూపు వదిలి వెళ్లింది, మళ్లీ వచ్చింది.

2022 నవంబర్ రెండో శనివారం అందరం నిజామాబాద్‌లో కలుద్దామన్నది విశాఖ ఆలోచన. తొమ్మిదిమందిలో రాగలిగింది ముగ్గురు. ఇంట్లో ఎవరేం చెప్పి వచ్చారో చెప్తే నవ్వొస్తుంది. విశాఖ వర్క్‌షాపు ఉందని చెప్పింది. సిద్దిపేట ఎవరిదో పెళ్లని చెప్పింది, పెళ్లికని పట్టుచీర కూడా సంచిలో పెట్టుకు రావలసి వచ్చింది. ఒంటరిగా ఉండే కర్నూలు మాత్రం పక్కింటివాళ్లకు తాళం చెవి ఇచ్చి వచ్చేసింది. గడప దాటిన నాయికల మీద ఇన్ని వ్యాసాలు రాశాం, ఫోనులో పరిచయమైన స్నేహితులని చూసొస్తానని చెప్పడానికి ఇంకా ఒక పెళ్లి కావలసి వస్తోంది.

స్టేషన్లో గుర్తుపట్టడం కష్టమేం కాలేదు గాని, ఎత్తులు చూసి ఆశ్చర్యపోయాం. జూమ్‌లో అందరం ఒకే ఎత్తు కదా. విశాఖ నా భుజానికి కూడా రాదు.

శనివారం ఊరు చూపించాను. ఖిల్లా ఎక్కాం, నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథినీ, వట్టికోట ఆళ్వారుస్వామినీ ఉంచిన జైలు చూశాం. డిచ్‌పల్లిలో రామాలయం కంటే కుష్ఠు ఆసుపత్రి దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాం. 1915లో మొదలైన ఆ ఆసుపత్రి వెనక స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ ఉంది. రాత్రి నా ఇంట్లో పరుపులు కింద వేసుకుని పడుకున్నాక ఫోనులో బోధన్ మెసేజ్ వచ్చింది. “రేపు మా ఇంటికి రండి. భోజనం ఇక్కడే.”

ఆదివారం పొద్దున బస్సెక్కాం. జానకంపేట, ఎడపల్లి దాటుతుంటే రోడ్డు పక్కన పొడుగూతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. “చెరుకు ఏదీ?” అంది కర్నూలు. చెరుకు ఉండిన నేలే అది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి కట్టిన నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చాక ఈ భూములు మారాయి. ఆ నీళ్ల కోసమే కోస్తా జిల్లాల రైతులూ వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నారు. దానికి సొంతంగా వేల ఎకరాల చెరుకు తోటలుండేవి. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ అంతకు ముందే ఆగింది. చెరుకు కొనేవాడు లేక రైతులు వరికీ, సోయాకూ మళ్లారు.

బోధన్ బస్టాండులో ఒకామె మా వైపు వచ్చి, “మంచిగొచ్చిన్రా అక్కా? కూసునేతందుకు జాగ దొరికిందా?” అంది. గొంతు విన్నది అదే మొదటిసారి. చాట్‌లో రాసిన ఆ పుస్తకాల తెలుగూ, ఈ గొంతూ ఒకే మనిషివని నమ్మడానికి నాకు కొంచెంసేపు పట్టింది. నడుస్తుంటే తనే చెప్పింది. “నా మాట ఇంటె మీరు నవ్వుతరనుకున్న. గందుకే మైకు పెట్టకపోదు.” సిద్దిపేట ఆమె చెయ్యి పట్టుకుని “నా మాట గూడ గిదే గదనే” అంది. నిజమే. ఆ సిద్దిపేట కూడా రెండున్నరేళ్లూ జూమ్‌లో మాట్లాడింది కృష్ణా గుంటూరు తెలుగే. తెలంగాణ భాష మీద పేపరు చదివిన మనిషి!

ఫ్యాక్టరీ గోడ పక్క నుంచే తీసుకెళ్లింది. చెరుకు ఆడే రోజుల్లో ఊరంతా మొలాసిస్ వాసన వచ్చేదట, అప్పుడు ముక్కు మూసుకునేవాళ్లట. ఆమె భర్తకు ఫ్యాక్టరీలో ఉద్యోగమేం లేదు. చెరుకు ట్రాలీలు బాగుచేసే వెల్డింగ్ షాపు ఉండేది. చెరుకు పోతే ట్రాలీలు పోయాయి, షాపు పోయింది. 2016లో మస్కట్ వెళ్లాడు. ఆమె చేతిలో ఉన్న ఫోను ఆయన ఐమోలో వీడియో కాల్ చెయ్యడానికి కొనిచ్చింది. మా గ్రూపు దాంట్లోకి వచ్చి చేరింది.

“నేను ఆన్‌లైన్ల ఉంటె ఆయనకు కనబడ్తది గదక్కా. పదకొండు గొట్టంగ ఎవనితోని మాట్లాడుతున్నవంటడు. చదువుతున్ననంటె ఏం చదువంటడు.” ఆఖరిసారి చూసిన టైము కనపడకుండా చేస్తే, ఎందుకు దాచావని పెద్ద గొడవ. ఆమె గ్రూపు వదిలిన రెండుసార్లూ అలా గొడవైన మర్నాడే. ఆమె వెలుగుతోందో లేదో మస్కట్ నుంచి చూసుకునే ఏర్పాటు ఆ ఫోనులోనే ఉంది. మనం స్వేచ్ఛగా మాట్లాడుకునే చోటని అంత మురిసిపోయిన చోటు అది.

ఇంటి వరండాలో అత్తగారు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. తడిపిన తునికాకును రేకుముక్క కొలతకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, చూస్తుండగానే అయిపోతోంది. వెయ్యి చేస్తేనే రోజు కూలి లెక్క. విశాఖ నేనూ చేస్తానని ఒకటి చుట్టింది. అది వెంటనే విడిపోయింది. ముసలామె నవ్వింది. నవ్వుతూనే అడిగింది. “మీరు ఎవలోళ్లు బిడ్డా?”

ఊళ్లు చెప్పాం. ఆమె అడిగింది అది కాదు. కర్నూలు నెమ్మదిగా, స్పష్టంగా “మేము మాదిగోళ్లమమ్మా. కాలేజీల పాఠాలు చెప్త” అంది. ముసలామె “అట్లనా” అని ఇంకో ఆకు తీసుకుంది. కాసేపటికి మనవడిని పిలిచి చెవిలో ఏదో చెప్పింది. వాడు సైకిలు మీద వెళ్లి దుకాణం నుంచి కాగితం గ్లాసుల కట్ట తెచ్చాడు. ఒక్కరికే కాదు, అందరికీ వాటిలోనే చాయ్ వచ్చింది. ఎవరికీ ఏమీ అనడానికి లేని తీరుగా.

బోధన్ వంటింట్లోంచి వచ్చి ఆ ట్రే చూసింది. ఏం మాట్లాడలేదు. ట్రే వెనక్కి తీసుకెళ్లింది, కాగితం గ్లాసుల్లో చాయ్ గిన్నెలోకి వంచినట్టున్న చప్పుడు వినపడింది. అయిదు స్టీలు గ్లాసులు తెచ్చి మొదటిది కర్నూలు చేతికిచ్చింది. అయిదోది తను తీసుకుని కర్నూలు పక్కన చాప మీద కూచుంది. అత్తగారు తల ఎత్తలేదు. బీడీలు లెక్కపెడుతూనే ఉంది.

ఒంటిగంటన్నరకి, మస్కట్‌లో మధ్యాహ్నం తిండివేళ, ఐమో మోగింది. ఆమె ఫోను తిప్పి ఒక్కొక్కరినీ చూపించింది. “గీళ్లే. నేను రాత్రి మాట్లాడేది గీళ్లతోనే.” తెర మీద హెల్మెట్ పెట్టుకున్న, ఎండకు మాడిన మొహం. మేం వరసగా నమస్కారాలు పెట్టాం, గుర్తింపు పరేడ్‌లో లాగా. “అందరు ఆడోళ్లేనా?” అన్నాడు. “అందరం” అంది విశాఖ. “ఏం మాట్లాడుకుంటరు గంత?” అన్నాడు. ఆయన గొంతులో అనుమానం కంటే బెంగే ఎక్కువుందని సిద్దిపేట తర్వాత వాదించింది. ఉండొచ్చు. ఆరేళ్లుగా ఒక గదిలో పదిమందితో ఉంటున్న మనిషి. కానీ ఆ బెంగకి లెక్క చెప్పవలసింది ఇక్కడ ఈమె.

జొన్న రొట్టెలు, పచ్చి పులుసు, కోడికూర తిన్నాం. నాలుగింటి బస్సుకి బయల్దేరాం. దారిలో ఎవరం గ్లాసుల సంగతి ఎత్తలేదు, ఎడపల్లి దాటాక కర్నూలే ఎత్తింది. “నాకు కొత్త కాదు, అది వదిలెయ్యండి. మనం వచ్చేశాం. రాత్రికి ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే.” గ్రూపులో కులం మీద మేం ఎన్నో శనివారాలు మాట్లాడాం. అక్కడ ఎవరికీ చాయ్ పొయ్యాల్సిన పని లేదు.

తరవాతి శనివారం బోధన్ మైకు తెరిచింది. అత్త మూడు రోజులు మాట్లాడలేదని చెప్పి, కథ చదవడం మొదలుపెట్టింది. వీడియో ఇప్పటికీ నలుపే.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కొట్టిస్తారు. డబ్బులు అడగక్కర్లేదు కనక బోధన్ ఇప్పుడు నెలకోసారైనా వస్తోంది, పుస్తకాలు పట్టుకుపోతోంది. ఒకసారి అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికని తీసుకొచ్చింది. ముసలామె మా ఇంట్లో అన్నం తిని, మంచం మీద కాసేపు నడుం వాల్చి, “గా పాఠాలు చెప్పే ఆమె మల్ల ఎప్పుడొస్తది?” అని అడిగింది. సంక్రాంతి సెలవుల్లో రావచ్చన్నాను. ఎందుకడిగిందో చెప్పలేదు.