చేతిపనికి తన ధర తానే చెప్పుకొనుట



స్వంతముగా ఒక చిన్న పని పెట్టుకొని బ్రతుకవలెనను కోరిక మీలో అనేకులకు కలదని నేనెరుగుదును. ఒకరు కిరాణా కొట్టు పెట్టగోరుదురు. ఒకరు పాలగేదెలను కొనగోరుదురు. మరియొకరు పిండిమర వేయగోరుదురు. కోరిక యుండియు చేయి సాగక ఏండ్ల తరబడి నిలిచిపోయినవారు ప్రతి పల్లెలోను కలరు. తొమ్మిదేండ్లుగా కుట్టుపని చేసికొని బ్రతుకుచున్నదానను గనుక, దారిలో అడ్డము వచ్చు రాళ్లను గూర్చి నాకు తెలిసినంత మీతో చెప్పగోరుచున్నాను. దయచేసి ఓపికతో చదువుడి.

మాది నరసాపురము దగ్గర పల్లె. లేసు అల్లిక పంతొమ్మిదవ శతాబ్దములో మిషనరీల వలన మా ప్రాంతమునకు వచ్చినది. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మా అమ్మ నలువది ఏండ్లు లేసు అల్లెను. ఏజెంటు దారము తెచ్చి యిచ్చును. అల్లినది పట్టుకొనిపోయి దారము లెక్కన కూలి యిచ్చును. ఆ లేసు ఏ దేశమునకు పోవునో, అక్కడ ఎంతకు అమ్ముడుపోవునో అమ్మకు ఎన్నడును తెలియదు. చూపు మందగించిన నాటికి ఆమె దగ్గర సూదియు కొంత మిగులు దారమును తప్ప మరేమియు లేకుండెను. ఆమె పనితనములో ఏ కొరతయు లేదు. తన పనికి ధర చెప్పు అధికారము మాత్రము ఆమెకు లేకపోయెను. నేను మిషను కొనవలెనని తలంచినప్పుడు నా మనస్సులో నున్నది ఇదియే.

మొదటి అడ్డు నలుగురి మాట. "ఊరిలో ఇద్దరు దర్జీలుండగా నీ దగ్గరకు ఎవరు వత్తురమ్మా?" అని మా అత్తగారే అడిగిరి. ఆ ప్రశ్న నాకు కష్టముగా తోచినను, అది తీసివేయదగినది కాదు. నేను పది పండ్రెండు ఇండ్లకు పోయి, జాకెట్లు ఎక్కడ కుట్టించుకొందురని అడిగితిని. ఆ ఇద్దరును మగవారి బట్టలే ఎక్కువగా కుట్టుదురు. ఆడవారు బస్సెక్కి పట్టణమునకు పోయి, బట్ట ఇచ్చుటకు ఒకసారి, తెచ్చుకొనుటకు ఒకసారి కూలి దినము పోగొట్టుకొనుచుండిరి. అత్తగారి ప్రశ్నకు జవాబు దొరికినది. చదువరీ, మిమ్మును ఎవరైన నిరుత్సాహపరచిన యెడల కోపగింపకుడి. వారి మాటలో ప్రశ్న ఉన్నదేమో చూచి, దానికి జవాబు వెదకుడి. జవాబు దొరకనిచో ఆ పని మానుటయే మేలు.

రెండవ అడ్డు పెట్టుబడి. మన పల్లెలలో చేబదులు సులభముగా దొరకును గాని దాని వడ్డీ మనలను తినివేయును. నూటికి నెలకు 3 రూపాయల చొప్పున 20,000 రూపాయలు తెచ్చినచో నెలకు 600, ఏడాదికి 7,200 వడ్డీకే పోవును; అసలు అట్లే యుండును. అదే పైకము బ్యాంకులో ఏడాదికి నూటికి 12 వంతున దొరికినచో వడ్డీ 2,400కు మించదు. నెల నెలా అసలు తీర్చుచున్నచో ఇంకను తగ్గును. 2015లో ఆరంభమైన ముద్రా పథకము క్రింద 50,000 రూపాయల వరకు శిశు అను పేరను, 5 లక్షల వరకు కిశోర్ అను పేరను, 10 లక్షల వరకు తరుణ్ అను పేరను తనఖా లేకుండ అప్పు ఇత్తురు. నేను శిశు క్రింద 40,000 తీసికొని ఒక కుట్టుమిషనును ఒక ఓవర్‌లాక్ మిషనును కొంటిని. బ్యాంకు వాకిట ఒకడు ఎదురుపడి, 3,000 ఇచ్చినచో కాగితములు జరిపింతుననెను. నేను ఇయ్యలేదు. రెండు సార్లు ఎక్కువ తిరుగవలసి వచ్చెను గాని అప్పు మంజూరైనది. ఉద్యమ్ నమోదునకు కూడ రుసుము లేదు. దానికై పైకము అడుగువారిని నమ్మకుడి.

మూడవది ధర. ఇక్కడ చాలమంది తెలియకయే నష్టపోవుదురు. ఒక లైనింగు జాకెట్టు తీసికొనుడి. లైనింగు బట్టకు 60, దారము హుక్కులకు 10, అద్దె కరెంటులలో దాని వంతు 20, మొత్తము 90 రూపాయలనుకొందము. 150కి కుట్టినచో 60 మిగులును. కత్తిరించి, కుట్టి, హుక్కులు వేసి ముగించుటకు మూడు గంటలు పట్టినచో గంటకు 20 రూపాయలు. అది పొలము కూలికంటె తక్కువ. అయినను గల్లాపెట్టెలో 150 కనబడును గనుక లాభము వచ్చెనని తలంతురు. మీ రెక్కల కష్టమును ఖర్చులో వ్రాయనిచో, మీ దుకాణములో మీరే కూలి లేని పనివారగుదురు. నేను 250 చెప్పితిని. కొందరు వెళ్లిపోయిరి. చెప్పిన దినమున ఇచ్చుటయు, ఆది జాకెట్టు కొలతకు వెండ్రుకవాసి తేడా రాకుండ కుట్టుటయు చూచి వారిలో చాలమంది మరల వచ్చిరి.

నాల్గవది అరువు. పరాయివారికి లేదనుట తేలిక. బంధువులకు చెప్పుట కష్టము. బట్ట ఇచ్చినప్పుడు సగము, తీసికొనునప్పుడు సగము అని గోడమీద వ్రాసి పెట్టితిని. మా వదిన ఒకరు, "నాకు కూడనా?" అనిరి. "వదినా, దారము కొట్టువాడు నాకు అరువియ్యడు గదా, మీకు కావలసినచో క్రిస్మసుకు ఒక జాకెట్టు కానుకగా కుట్టెదను, దీనికి మాత్రము లెక్క లెక్కే" అంటిని. ఆమె నవ్వి ఇచ్చిరి. కానుకను కానుకగాను, వ్యాపారమును వ్యాపారముగాను ఉంచినచో చుట్టరికము చెడదు. రెంటిని కలిపినచోటనే చెడును.

పెద్ద గిరాకీ వచ్చినప్పుడు మరియొక అడ్డు కలదు. ఒక ప్రైవేటు పాఠశాలవారు 120 జతల యూనిఫారములు కుట్టించుకొని, ఐదు నెలలు పైకము ఇయ్యక త్రిప్పిరి. బట్టలు పిల్లల ఒంటిమీద ఉన్నవి. నా అప్పు వాయిదా నా తలమీద ఉన్నది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము, నమోదైన చిన్న సంస్థకు 45 దినములలోపల పైకము చెల్లింపవలెను. ఆలస్యమైనచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడంతల వడ్డీ ఇయ్యవలసి యుండును. నేను బిల్లును ఉద్యమ్ కాగితమును జతచేసి, ఈ సంగతి మర్యాదగా వ్రాసి పంపితిని. మూడు వారములలో పైకమంతయు వచ్చెను. గనుక ఎంత చిన్న పనికైనను కాగితము వ్రాసికొనుడి. మాట మరచిపోవుదురు, కాగితము మరచిపోదు.

ఐదవది పని లేని కాలము. ఆషాఢములో పెండ్లిండ్లు లేవు గనుక మిషను చప్పుడు తగ్గును. జూనులో బడి బట్టలు, డిసెంబరులో క్రిస్మసు బట్టలు రాత్రింబగళ్లు కుట్టించును. ఆ నెలల రాబడి చూచి ఇల్లు నడిపినచో ఆషాఢములో అప్పు చేయవలసి వచ్చును. నేను రెండు డబ్బాలు పెట్టితిని, ఒకటి దుకాణమునకు, ఒకటి ఇంటికి. ఇంటి డబ్బాలోనికి నెలకు ఒకే మొత్తము జీతముగా వేయుదును. బియ్యము నిండుకొన్నను దుకాణపు డబ్బా ముట్టను. ఈ నియమము నిలుపుకొనుట పైవాటన్నిటికంటె నాకు కష్టమైనది. నన్ను నిలిపినదియు ఇదియే.

చిన్నగా మొదలుపెట్టుట అవమానమని తలంపకుడి. 1959 మార్చి 15న బొంబాయిలోని గిర్గాములో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడమీద కూర్చుండి అప్పడములు ఒత్తిరి. నష్టము వచ్చినను ఎవరిని విరాళము అడుగరాదని తీర్మానించుకొనిరి. అదే నేటి లిజ్జత్ అప్పడము. అందులో పనిచేయు వేలకొలది స్త్రీలు కూలివారు కారు, భాగస్థులు. వారిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చిరి.

అయితే తొందరపడకుడి. ఉన్న ఒక్క అరెకరము అమ్మి కొట్టు పెట్టుమని నేను చెప్పను. మొదటి ఆరు నెలలు నేను ఉదయము పొలము పనికి పోయి, సాయంకాలము కుట్టితిని. గిరాకీ నిలిచిన తరువాతనే కొడవలి దించితిని. పిల్లల తిండిని పందెము పెట్టి మొదలుపెట్టిన పని భయముతో నడచును. భయపడువాడు తక్కువ ధర చెప్పును, అరువిచ్చును, వడ్డీకి తెచ్చును.

గనుక, సహోదరీ, సహోదరుడా, ఈ వారమే ఒక నోటు పుస్తకము కొనుడి. మీరు చేయగోరు వస్తువు ఎవరికి కావలెనో పది ఇండ్లలో అడిగి మొదటి పుటలో వ్రాయుడి. దానికగు ఖర్చు మీ కూలితో సహా రెండవ పుటలో వ్రాయుడి. ఆ రెండు పుటలు పట్టుకొని బ్యాంకునకు మీరే స్వయముగా పొండు. మీ చేతి పనికి ధర మీ నోటనే పలుకు దినము వచ్చును. ఆ మొదటి దినమున గొంతు కొంచెము వణకును; అయినను ధర తగ్గించకుడి.