నాయనమ్మ మందుల సంచి

హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనగానే చదువు గురించి, క్రమశిక్షణ గురించి, పాత స్నేహాల గురించి రాయడం మామూలే. నేను మాత్రం మనల్ని ట్రంకుపెట్టెతో బస్సెక్కించి పంపిన పెద్దవాళ్ల ఆరోగ్యం గురించి రాయదలచుకున్నాను. అమ్మానాన్నలు కూలికి పోతే మనలో చాలామందిని సాకింది నాయనమ్మలు, అమ్మమ్మలే కదా!

మా నాయనమ్మకు డెబ్బై దాటాయి. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు, ఆధార్ కార్డులో రాసిందే వయసు. నాట్లు, కలుపుతీతలతోనే ఆమె నడుం వంగింది. ఆమెకు ఏ బాధ వచ్చినా ఇంట్లో వినిపించేది ఒకటే మాట: "ముసలితనం, అంతే." ఆ మాట సగమే నిజం. వయసుతో వచ్చే మార్పులు వేరు, వైద్యంతో నయమయ్యే లేదా అదుపులో ఉండే జబ్బులు వేరు. రెండూ ఒకటే అనుకుంటే నష్టపోయేది పెద్దవాళ్లే.

కళ్ల సంగతే చూడండి. నలభై దాటాక సూదిబెజ్జం కనిపించకపోతే అది చత్వారం. అద్దాలతో సరిపోతుంది. శుక్లం అలా కాదు. కంటిలోని కటకమే మసకబారుతుంది. చుక్కల మందుతో పోదు, ఆపరేషన్ చేసి కృత్రిమ కటకం పెట్టాలి. శుక్లం బాగా ముదిరాకే తీస్తారన్నది పాతకాలపు మాట. ఆ మాట నమ్మి మా నాయనమ్మ రెండేళ్లు గోడ పట్టుకుని నడిచింది. 2018లో తెలంగాణలో కంటి వెలుగు శిబిరాలు పెట్టినప్పుడు మా ఊళ్లో పరీక్ష చేసి శుక్లమని చెప్పారు. తర్వాత ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక నన్ను చూసి, "ఏందిరా, గింత బక్కగైనవ్!" అంది.

చెవులకు ముందుగా సన్నని శబ్దాలు వినిపించడం తగ్గుతుంది. అందుకే శబ్దం వినిపించినా మాట అర్థం కాదు. గట్టిగా అరిస్తే లాభం లేదు. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా నిదానంగా మాట్లాడాలి. వయసు పెరిగితే దాహం కూడా అంతగా తెలియదు. ఎండాకాలంలో వాళ్లు అడగకపోయినా మనమే నీళ్లు ఇవ్వాలి.

మోకాళ్ల నొప్పులకు కారణం చాలావరకు కీళ్లలోని మృదులాస్థి అరగడం. దుకాణంలో నొప్పి మాత్రలు కొని రోజూ మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. డాక్టరును అడిగే వాడాలి.

అన్నిటికంటే భయపడాల్సింది బీపీకే, ఎందుకంటే అది నొప్పి పెట్టదు. మా తాతకు బీపీ ఉండేది. ఒంట్లో బాగానే ఉందని మాత్రలు ఆపేశాడు. మాత్రలు వేసుకోబట్టే బాగుందని ఆయనకు చెప్పినవాళ్లు లేరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పడిపోయాయి. ఎనిమిది నెలలు మంచంలోనే ఉండి కన్నుమూశాడు. నేనప్పుడు ఏడో తరగతి, హాస్టల్లో ఉన్నాను. మూతి వంకర పోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. రేపు చూద్దామంటే చెయ్యి దాటిపోతుంది.

మిత్రులారా, మన ఇళ్లలో మందుచీటీ చదవగలిగిన మొదటి తరం మనమే. నేను సెలవులకు వెళ్లగానే నాయనమ్మ మందుల సంచి దించి గడువు తేదీలు చూస్తాను. ఆమెకు అక్షరాలు రావు కాబట్టి పొద్దున వేసుకునే మాత్రల పొట్లం మీద సూర్యుణ్ణి, రాత్రివాటి మీద చంద్రుణ్ణి గీశాను. ఇప్పుడు ఎవర్నీ అడగకుండా తానే వేసుకుంటోంది.

మీరూ ఈసారి ఇంటికెళ్లినప్పుడు మూడు పనులు చేయండి. ముప్పై దాటినవాళ్లందరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు, పెద్దవాళ్లను తీసుకెళ్లండి. రాత్రిపూట వాళ్లు లేచి వెళ్లే దారిలో లైటు ఉందో లేదో చూడండి, ఎందుకంటే ఆ వయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే లేవడం కష్టం. ఇక మూడోది, వాళ్ల మందుల సంచి ఒకసారి కిందికి దించండి.