డిగ్రీ వచ్చింది, అప్పు 2039 దాకా ఉంది

మా నాన్న సూర్యాపేటలో తాపీ మేస్త్రి. ముప్పై ఏళ్లుగా ఎవరో గీసిన ప్లాను చేతపట్టుకుని ఇళ్లు కడుతున్నాడు. ఆ గీసేవాళ్లలో తన బిడ్డ కూడా ఉండాలని ఆయన కోరిక. నాకూ కట్టడాలంటే ప్రాణం. 2018లో ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా స్కోరు, ఇంటర్ మార్కులు కలిపి ఇచ్చిన ర్యాంకుకు కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో బీఆర్క్‌కు మేనేజ్‌మెంట్ కోటాలో చేరాను. ఏడాదికి 1.5 లక్షలు, అయిదేళ్లకు 7.5 లక్షలు. కాలేజీవాళ్లు మాకు చెప్పిన లెక్క అంతే. చెప్పని ఖర్చులే మా ఇంటిని కుంగదీశాయి. అందుకే వాటి గురించి రాస్తున్నాను.

మేనేజ్‌మెంట్ కోటా అనగానే మొదటి బ్యాంకు కుదరదంది. టీచరుగా పనిచేసే మా మేనమామ జామీను ఉంటే ఇంకో బ్యాంకు 7.5 లక్షలు ఇచ్చింది. అంతకు మించితే ఇల్లు తనఖా పెట్టాలి. చదువు ముగిశాక ఏడాది వరకు ఏమీ కట్టక్కర్లేదని మేనేజర్ చెప్పిన మాట నాన్న మనసులో నిలిచిపోయింది. కట్టక్కర్లేదు నిజమే, కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 11 శాతం. మొదటి ఏడాది తీసుకున్న 1.5 లక్షల మీద ఆరేళ్లు, రెండో ఏడాది దాని మీద అయిదేళ్లు, అలా చివరి ఏడాది దాని మీద రెండేళ్లు. మొదటి కిస్తీ కట్టకముందే 3.3 లక్షల వడ్డీ పడింది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఆ కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఒకటుంది. దానికి కాలేజీకి న్యాక్ గుర్తింపో, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపో ఉండాలి. మా కాలేజీకి రెండూ లేవు. చేరేముందు ఇది అడగాలని మాకు చెప్పిన మనిషి లేడు.

ఇక సామాను. ఆర్కిటెక్చర్ చదవనివాళ్లకు ఇది అర్థం కావడం కష్టం. డ్రాఫ్టింగ్ బోర్డు, కాట్రిడ్జ్ షీట్లు, బటర్ పేపర్, రోట్రింగ్ పెన్నులు, సన్‌బోర్డు, ఏ1 కలర్ ప్లాట్లు. మోడల్ కోసం రెండు మిల్లీమీటర్ల మౌంట్ బోర్డులో కిటికీ కోసేటప్పుడు అంచు చిట్లకూడదు. బ్లేడు కాస్త మొద్దుబారినా చిట్లుతుంది, గోడ మొత్తం మళ్లీ కోయాలి. ఆ బోర్డు ఖరీదు మళ్లీ పెట్టాలి. మార్కులు వేసే జ్యూరీలో ఆ మోడల్ ముందు నిలబడేది కాసేపే. సెమిస్టర్ ముగిశాక దాన్ని దాచుకోవడానికి హాస్టల్లో చోటుండదు. సెమిస్టర్‌కు 15 వేలకు తగ్గకుండా దీనికే పోయేది. త్రీడీ పని మామూలు ల్యాప్‌టాప్ మీద నడవదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నదానికి 78 వేలు అయ్యింది. అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లింది అప్పుడే. హాస్టల్ ఖర్చు సరేసరి.

కరోనా కాలంలో ఇంటి దగ్గరే మోడళ్లు చేశాను. ఒకరోజు నాన్న పక్కన కూర్చుని నా మోడల్లోని మెట్లు చూసి, "ఈడ బీము కింద తల తగుల్తది బిడ్డా" అన్నాడు. స్కేలు పెట్టి కొలిస్తే నిజమే. మా సార్లు ఎవరూ పట్టుకోలేదు. ఆ సాయంత్రం మేమిద్దరం కలిసి ల్యాండింగ్ మార్చాం. ఈ చదువు మీద నాకున్న ప్రేమ తగ్గలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కోర్సులో ఒక సెమిస్టర్ ఆఫీసు ట్రైనింగ్ ఉంటుంది. నేను చేరిన ఆఫీసు రూపాయి ఇవ్వలేదు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి దాకా వర్కింగ్ డ్రాయింగులు, టాయిలెట్ డిటెయిల్స్ గీశాను. నేను గీసిన షీట్లు సైటుకు వెళ్లాయి, క్లయింటు వాటికి డబ్బు కట్టాడు. కాలేజీకి మాత్రం ఆ సెమిస్టర్ ఫీజు కూడా పూర్తిగా కట్టాం. నేర్చుకుంటున్నారు కదా అంటారు. సంపాదించి పెట్టే పని చేయించుకున్నప్పుడు జీతం ఇవ్వాలి. దీన్ని నేను అన్యాయమనే అంటాను.

2023లో డిగ్రీ చేతికొచ్చింది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయ్యాను. ఇంటర్లో నాతో చదివి కంప్యూటర్ సైన్స్‌లో చేరిన స్నేహితురాలు అప్పటికే ఏడాదిగా జీతం తీసుకుంటోంది. నాకు మొదటి ఉద్యోగంలో నెలకు 18 వేలు. "ఎంతిస్తున్నరు బిడ్డా?" అని నాన్న ఫోన్లో అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వానలు లేని నెలలో ఆయనకు 25 వేలు దాటుతుంది.

2024లో కిస్తీలు మొదలయ్యేనాటికి జీతం 20 వేలు, అప్పు 10.8 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 14,900 కట్టాలి. హాస్టల్‌కే 7 వేలు. మూడు నెలలు నాన్నే కట్టాడు. నాలుగో నెల కిస్తీ ఆగితే బ్యాంకు నుంచి ఫోన్లు నాకు కాదు, మా మామయ్యకు వెళ్లాయి, అదీ స్కూల్లో ఉండగా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండింది. బ్యాంకుకు వెళ్లి గడువు పదిహేనేళ్లకు పెంచుకున్నాను. కిస్తీ 12,300కు తగ్గింది. మొత్తం మీద కట్టేది మాత్రం 4 లక్షలకు పైగా పెరిగింది. 2039 దాకా కట్టాలి.

అయిదేళ్లు చదివిన పనికి ఇంత తక్కువ ఎందుకని చాలామంది అడుగుతారు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం రిజిస్టర్ కానివాళ్లు ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోకూడదు. ఆ చట్టం ఆపేది పేరునే గానీ డిజైన్ పనిని కాదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. మా ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లు ప్లాను కోసం సివిల్ ఇంజనీరు దగ్గరికో, డ్రాఫ్ట్స్‌మన్ దగ్గరికో వెళ్తారు. కొన్ని వేలలో పని అయిపోతుంది. తెలంగాణలో 75 గజాల లోపు చిన్న ఇళ్లకైతే అనుమతే అక్కర్లేదు. మాకు మిగిలేవి నగరంలోని ఆఫీసులు. ఏటా బయటికొచ్చే పిల్లలు ఎక్కువ కాబట్టి జీతం పెంచాల్సిన అవసరం ఆ ఆఫీసులకు లేదు. సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుని బాగా సంపాదించేవాళ్లు ఉన్నారు. అక్కడిదాకా చేరే కొన్నేళ్లు ఇంట్లోవాళ్లు మోయగలగాలి. అప్పు మీద చదివినవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు.

ఇప్పుడు నా జీతం 27 వేలు. రాత్రిళ్లు బిల్డర్లకు ఎలివేషన్ వ్యూలు చేసిపెడుతున్నాను.

మొన్న దసరాకు ఇంటికి వెళ్తే నాన్నతో పనిచేసే సెంట్రింగ్ మేస్త్రి వాళ్ల అబ్బాయిని వెంటబెట్టుకొచ్చాడు. పిల్లవాడి స్కెచ్ పుస్తకం నిజంగా బాగుంది. కన్వీనర్ సీటు వచ్చి ఫీజు రీయింబర్స్‌మెంట్ అందితే చేర్చమని, 7.5 లక్షల అప్పు మీదైతే ఇప్పుడున్న జీతాలకు వద్దని చెప్పాను. కాలేజీలో అడగాల్సినవి కాగితం మీద రాసిచ్చాను: న్యాక్, ఎన్‌బీఏ ఉన్నాయా, సామానుకు ఏటా ఎంతవుతుంది, ట్రైనింగ్‌కు డబ్బిచ్చే ఆఫీసులు ఎన్ని, పోయినేడు బయటికెళ్లినవాళ్ల జీతం ఎంత. వారం తర్వాత ఆయన ఫోన్ చేశాడు. మొదటి రెండింటికీ జవాబు చెప్పారట. మిగతావాటికి, ముందు సీటు బ్లాక్ చేసుకోండి, తర్వాత మాట్లాడదాం అన్నారట.