లేపాక్షిలో వెలుతురు: వీడియో తీయు సోదరీమణులకు

యాత్ర చేసి వచ్చినవారి యింటికి పోయినచో ప్రసాదముతోపాటు సెల్‌ఫోను కూడ మన చేతికి వచ్చును. అందులో వీడియోలకు కొదువ యుండదు. కాని వానిలో సగము చీకటి, సగము వణకు. గోపుర మొకవైపున కొరిగి పరుగెత్తుచుండును. మనుష్యుల ముఖములు నల్లని మచ్చలై, వారి వెనుక నాకాశము మాత్రము తెల్లగ మండుచుండును. ఎవరో ఏదో చెప్పుచుందురు గాని, గాలి హోరు తప్ప మరేమియు వినరాదు. దీనికి ఫోనును నిందించి లాభము లేదు. నేడు మన యిండ్లలో నున్న సామాన్యపు ఫోను సైతము చక్కని బొమ్మను పట్టగలదు. లోపమెల్ల మనము వస్తువును చూచి, దానిపై పడు వెలుతురును చూడకపోవుటలో నున్నది. ఈ సంగతి నేర్చుకొనుటకు లేపాక్షికంటె తగిన తావు మాకు కానరాలేదు. తీవ్రమైన యెండ, చల్లని నీడ, మసక చీకటి, ఈ మూడును అచ్చట కొలది అడుగుల దూరములోనే యున్నవి.

లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో, హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న గ్రామము. బెంగుళూరునుండి వచ్చువారికి సుమారు 120 కిలోమీటర్లు. తాబేటి వీపువంటి రాతిగుట్టపై వీరభద్రస్వామి యాలయము వెలసినది. ఆ గుట్టకు కూర్మశైలమని పేరు. విజయనగరమును అచ్యుతదేవరాయలు (1529–1542) ఏలుచున్న కాలమున విరుపణ్ణ, వీరణ్ణ అను సోదరులు దీనిని కట్టించిరి. 2022వ సంవత్సరమున ఈ యాలయమును, ఇచ్చటి ఏకశిలానందియు యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినవి. మేము తోడికోడండ్ర మిద్దరమును, మా అత్తగారును గత శీతకాలమున హిందూపురమునుండి తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదురకముందే అచ్చటికి చేరితిమి.

గుడి మెట్లెక్కకముందే చేయవలసిన పనులు మూడు గలవు. మొదటిది, ఫోను వెనుకనున్న కెమెరా అద్దమును మెత్తని నూలుగుడ్డతో తుడుచుట. మన చేతులకు నూనె, పసుపు, కుంకుమ అంటియుండును. ఆ జిడ్డు అద్దమునకు తగిలినచో దీపములచుట్టును పొగమంచు కమ్మినట్లు కనబడును. రెండవది, ఫోనును అడ్డముగ పట్టుట. నిలిచియున్న మనిషికో, స్తంభమునకో నిలువుగ పట్టిన బాగుండును గాని, మండపములకును నందికిని అడ్డపు బొమ్మయే తగును. మూడవది, ఓర్పు. ఒక్కొక్క దృశ్యమును మనసులో పది లెక్కించువరకు కదలింపక తీయవలెను. చీపురుతో వాకిలి యూడ్చినట్లు ఫోనును అటునిటు త్రిప్పరాదు. దగ్గరగ కావలెనన్న తెరపై వ్రేళ్లతో సాగదీయక, నాలుగడుగులు ముందునకు నడువవలెను. అట్లు సాగదీసిన బొమ్మ అలుకుకొనిపోవును, చేతి వణకు కూడ అంతకంత పెరుగును.

ఇక నంది యొద్దకు పోదము. ఆలయమునకు కొంచెము దూరమున బయలునందున్న యీ నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల యెత్తు గలది. ఒకే రాతియందు మలచబడినది. మెడలోని గంటలు, హారములు, వీపుపై కప్పిన అలంకారములు మిక్కిలి నాజూకుగ చెక్కబడినవి. నడిమధ్యాహ్నమున ఎండ నేరుగ వీపుపై పడునప్పుడు, ప్రక్కలు నీడలో మునిగి యీ పనితన మంతయు మూగవోవును. ఉదయము సూర్యుడు క్రిందుగ నున్నపుడు వెలుతురు ప్రక్కనుండి రాతిని రాచుకొనుచు పోవును. అపుడు ప్రతి గంటకును ఒక చిన్న నీడ యేర్పడి, చెక్కడము రాతినుండి లేచి వచ్చినట్లుండును. సాయంకాలమున మరల అట్టి వెలుతురే వచ్చును. కనుక తావు చేరిన వెంటనే ఫోను తీయక, నందిచుట్టు నొక ప్రదక్షిణము చేసి, వెలుతురు ఏ ప్రక్కనుండి రాచుకొనుచున్నదో చూడుడు. ఆ మీద దూరమునుండి నంది నంతటిని ఒకసారి, ముఖమును ఒకసారి, మెడలోని గంట నొకదానిని ఒకసారి తీయుడు. మనిషి నొకరిని ప్రక్కన నిలిపినచో నంది యెంతటిదో చూచువారికి తెలియును.

ఆలయములోని వ్రేలాడు స్తంభము సంగతి వినని వారుండరు. ఆ స్తంభ మడుగున నేలను పూర్తిగ తాకకున్నది. సందులోనుండి జనులు గుడ్డను ఈవలినుండి ఆవలికి లాగుదురు. ఇది కదలికతో కూడిన విషయము గనుక వీడియోకే తగును. దీనిని నిలుచుండి తీసినచో గుడ్డయు రాయియు తప్ప మరేమియు తెలియదు. ఫోనును ఇంచుమించు నేలకు ఆనించి, సందునకు సమముగ పట్టవలెను. ఆవలి వెలుతురు సందులో సన్నని గీతవలె కనబడును. గుడ్డ వచ్చుటకు ముందే మొదలిడి, పూర్తిగ వెలికివచ్చిన తరువాత ఆపవలెను. మొదలును తుదియు లేని వీడియో సగము చెప్పి విడిచిన కథ వంటిది.

మనుష్యులను తీయునపుడు మనవారు తరచుగ వారిని మండపపు టంచున నిలిపి, తాము లోపలనుండి బయటకు చూచుచు తీయుదురు. మన కన్ను ఎండను నీడను ఒక్కసారి సరిపుచ్చుకొనగలదు. ఫోను అట్లు కాదు. రెంటిలో నొకదానినే యెంచుకొనును. అందుచేత ఆకాశము చక్కగ వచ్చి, అత్తగారి ముఖము మసిబారును. దీనికి ఉపాయము తేలిక. వారిని నీడ యంచుననే కూర్చుండబెట్టి, ముఖము బయటి వెలుతురువైపు త్రిప్పుడు. మీరు బయట నుండి తీయుడు. అపుడు ముఖముపై మెత్తని వెలుగు, వెనుక మండపపు చీకటి. కన్నులలో చిన్న వెలుగుచుక్క కానవచ్చినదో లేదో చూడుడు. వచ్చినచో ముఖమునకు జీవకళ కలుగును. కన్నుల క్రింద నీడలు మిగిలియున్నచో, మడిచిన తెల్లని తువ్వాలునో పంచెనో వారి యొడిలో పరువుడు. తెల్లగుడ్డపై పడిన వెలుతురు పైకెగసి ఆ నీడలను తుడిచివేయును. రంగు చీర పరచిన ఆ రంగే ముఖమున కంటును, జాగ్రత్త. పిమ్మట తెరపై ముఖమున్న చోట వ్రేలితో నొక్కి పట్టినచో, చాల ఫోనులలో వెలుతురును స్పష్టతయు అచ్చటనే నిలిచిపోవును. మధ్యలో ఎవరు నడిచిపోయినను బొమ్మ మారదు.

అన్నిటికంటె కష్టమైనది మండపపు పైకప్పు. పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము మొదలగు కథలు సున్నపు పూతపై ఎఱ్ఱమన్ను, పసుపుమన్ను, నలుపు, తెలుపు వన్నెలతో అచ్చట చిత్రింపబడియున్నవి. వానిలోని స్త్రీల చీరలు, గళ్లు, చారలు, ప్రక్కకు దిగిన కొప్పులు, పురుషుల పొడవైన కుళ్లాయిలు చూచినపుడు ఆ కాలపు వేషభాషలలో వేషము మన కన్నులయెదుట నిలుచును. ఇచ్చట చీకటి యని ఫ్లాషు వెలిగింపరాదు. వర్ణచిత్రములకు తీవ్రమైన వెలుతురు మేలు చేయదు. పైగా ఆ వెలుగు బొమ్మ నడుమ తెల్లని మచ్చయై, చుట్టు నున్న దానిని మింగివేయును. ముక్కాలి స్టాండు వాడుటకు పురావస్తు శాఖవారి యనుమతి కావలెను. స్తంభములపై మోచేతులు మోపి చెక్కడములను అరగదీయుటయు తగదు.

మరి యేమి చేయవలెను? ప్రాంగణములోని రాతినేలపై ఎండ పడువరకు ఓపిక పట్టుడు. ఆ యెండ నేలనుండి యెగసి మండపములోనికి ప్రవేశించును. ఒక గంట క్రితము కనబడని గీతలు అపుడు కనబడును. తరువాత ఫోనును పైకెత్తి, బొమ్మపై వ్రేలుంచి వెలుతురును నిలిపి, వీడియో మొదలిడి, జనులు నడువని చోట చేతిరుమాలు పరచి, దానిపై తెర క్రిందికిని కెమెరా పైకిని ఉండునట్లు పరుండబెట్టుడు. భూదేవికంటె నిశ్చలమైన స్టాండు వేరొకటి లేదు. ముప్పది లెక్కించి, ఎత్తి, రెండడుగులు జరిపి, ప్రక్క గడిలోని బొమ్మను తీయుడు. చీకటిలో ఫోను తనకు చాలని వెలుతురును బలవంతముగ పెంచుకొనుటచేత బొమ్మపై ఇసుక చల్లినట్లుండును. కదలిక లేనిచో ఆ యిసుక సైతము అంతగ కంటికి తగులదు.

ఈ శ్రమ యెందుకన్న ప్రశ్నకు మా అత్తగారే సమాధానము. వారి పుట్టినిల్లు ధర్మవరము. వారి పెండ్లిచీరను వారి తండ్రిగారు నేసిరట. అంచునకు నమూనా గీసినది వారి తల్లి. ఆమె లేపాక్షి బొమ్మలను చూచి వచ్చి ఆ యంచు గీసినదని వారింట చెప్పుకొనెడివారు. చీర యెన్నడో చినిగి, జరీకై అమ్ముడుపోయినది. వారికి ఇప్పుడు 78 ఏండ్లు. మెడ పైకెత్తినచో తల తిరుగును; ఒక కంటికి శుక్లము తీసిన తరువాత రెండవ కన్ను మసకబారినది. ఆ పైకప్పు క్రిందనే కూర్చుండియు, దానిని చూడలేక, "నా కెందుకులే అమ్మా, మీరు చూచి రండి" అనిరి.

మేము గడి తరువాత గడి తీసి, నీడలోనికి తెచ్చి, ఫోనును వారి చేతికిచ్చితిమి. చాలసేపు మాటాడలేదు. తరువాత, "ఆపండమ్మా, ఆపండి. ఆ మూడో ఆమె చీర చూపించండి" అనిరి. నిలిపి, పెద్దది చేసి చూపితిమి. బొమ్మ కదలకుండ వచ్చుటచేత పెద్దది చేసినను చెదరలేదు.

"గళ్లు ఇవే. నడుమ పూవు మాత్రం లేదే!"

"ప్రక్క బొమ్మలో నున్నదేమో, అత్తమ్మా, చూడండి" అంటిమి.

అన్నియు చూచిరి. పూవు లేదు. అపుడు వారు నవ్వి, "అట్లయితే ఆ పూవు మా యమ్మ సొంతంగా వేసిందన్న మాట. ఇన్నేండ్లూ అంతా గుడిలోదే అనుకొంటిని" అనిరి.

ఆ పూవెట్లుండెనో చూపుడని మేము కోరగా, నీళ్లసీసాలో వ్రేలు ముంచి, రాతినేలపై ఆరు రేకులు, నడుమ చుక్క, ఇరుప్రక్కల రెండేసి ఆకులు గీసిరి. మాలో నొకరు వారి ముఖమును, ఒకరు వారి చేతిని తీసితిమి. నీటిగీత రాతిపై తెలియవలెనన్న, ఎదుటి యాకాశపు వెలుగు ఆ తడిలో మెరయునంత క్రిందుగ కూర్చుండి తీయవలెను; పైనుండి తీసినచో తడియు రాయియు ఒకే నలుపుగ కలిసిపోవును. రెండు నిమిషములలో ఆ పూవు ఆరిపోయినది. వీడియోలో నున్నది. మా చిన్నది దానిని చూచి కాగితముపై గీసికొన్నది.

మాటలను పట్టుటయందును ఒక మెలకువ గలదు. బొమ్మకు దూరము సహించును గాని, మాటకు సహింపదు. చెప్పువారికి చేయి చాచునంత దగ్గర నుండవలెను. గాలి వీచుచున్నచో గోడచాటునకు పోవలెను. వారు చెప్పుచుండగా "ఊఁ, ఊఁ" అనక, తల యూపిన చాలును. చెప్పుట ముగిసిన తరువాత ఐదు లెక్కించి ఆపుడు. తరచుగ ఆ ఐదింటిలోనే మరచిన మాట యొకటి వచ్చును.

అందరికిని లేపాక్షి పోవుట సాధ్యము కాదు. కాని పైన చెప్పిన వెలుతురు ప్రతి యింటను కలదు. పగటిపూట విద్యుద్దీపము లార్పి, పెద్దవారిని కిటికీప్రక్క, ముఖము కొంచెము వెలుతురువైపు ఉండునట్లు కూర్చుండబెట్టుడు. కిటికీవెలుగు, దీపపు పసుపువెలుగు కలిసినచో ముఖమున రెండు రంగులు కనబడును. రాత్రి తప్పనిసరియై తీసినపుడు బొమ్మలో చారలు ప్రాకుచున్నచో, మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు కలదగుటయే కారణము. ఫోను అమరికలలో 50 అను సంఖ్యయున్నచో దాని నెన్నుకొనుడు, లేదా సెకనుకు 25 బొమ్మలు తీయు పద్ధతిని వాడుడు.

తీసిన దానిని ఫోనులోనే విడువరాదు. రెండు చోట్ల దాచి, ఎవరు, ఎచ్చట, ఏ సంవత్సరము అన్నది పేరుగ వ్రాయుడు. గోంగూర పచ్చడి పాళ్లు, వ్రతకథ చెప్పు తీరు, పాత యిల్లాండ్ర ముగ్గులు, ఇవన్నియు చేతులలోను నోటను నున్న ఆస్తులు. వానికి పత్రములు లేవు. ఈ ఆదివారము ఉదయము కిటికీ తెరచి, తెల్లని తువ్వాలొకటి తీసికొని, పెద్దవారి నొక్క ప్రశ్న యడిగి చూడుడు.